తక్కువ ధరకు పాత డీజిల్ జీపు – 2వ పాఠం: చల్లని ఇంజిను దగ్గర మొదలుపెట్టాలి

కిందటి పాఠంలో కాగితాలు చూశాం. చాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఇంధనం అన్నచోట డీజిల్ అని ఉండాలి. పెట్రోలు జీపులకు తరువాత డీజిల్ ఇంజిను వేసిన బళ్లు ఇంకా చేతులు మారుతున్నాయి. ఆ మార్పు ఆర్‌సీలోకి ఎక్కకపోతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. బండికి పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ అయి ఉండాలి. ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుని ఇప్పుడు బండి దగ్గరికి వెళ్దాం.

తెలుగు రాష్ట్రాల్లో తక్కువ ధరకు దొరికే డీజిల్ ఫోర్ వీల్ బళ్లు ఎక్కువగా మహీంద్రావే. పాత ఎంఎం 540లో ప్యూజో లైసెన్సుతో తయారైన 2,112 సీసీ ఇంజిను ఉంటుంది. ఆ తరువాతి జీపుల్లోనూ బొలెరోల్లోనూ తరచుగా కనిపించేది 2,523 సీసీ డీఐ, అంటే డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిను. 2010లో వచ్చిన థార్‌ను డీఐతోనూ, కంప్యూటర్ నడిపే సీఆర్‌డీఈ ఇంజినుతోనూ అమ్మారు. సొంతంగా నేర్చుకునేవారికి నా సలహా ఒకటే: మొదటి బండిగా మొదటి రెండు ఇంజిన్లలో ఒకటి తీసుకోండి. వాటి డీజిల్ పంపు, డీజిల్‌ను లోపలికి చిమ్మే నాజిళ్లు పూర్తిగా యాంత్రికం. స్పానర్లు, ఓపిక ఉంటే చాలా పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. సీఆర్‌డీఈ మంచి ఇంజినే అయినా దాని లోపం పట్టాలంటే స్కానర్ కావాలి. ఇంకో మాట, జీపు ఆకారం ఉన్నంత మాత్రాన ఫోర్ వీల్ కాదు. కిందికి వంగి ముందు ఇరుసు చూడండి. వెనక ఉన్నట్టే అక్కడా హౌసింగ్, దానికి ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ (శక్తిని ఇరుసుకు అందించే పొడవాటి కడ్డీ) ఉంటేనే అది ఫోర్ వీల్.

బయలుదేరే ముందు అమ్మే ఆయనకు ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని మర్యాదగా చెప్పండి. వెళ్లగానే ఇంజిను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే టీ తాగి తిరిగి వచ్చేయండి, మరో ఉదయం వెళ్లవచ్చు. ఇంత పట్టుదల ఎందుకంటే, డీజిల్ ఇంజినులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పిస్టన్ రింగులు, పిస్టన్ కదిలే బోరు అరిగితే గాలి పక్కలకు జారిపోయి ఆ వేడి చాలదు. వేడెక్కిన ఇంజిను ఈ లోపాన్ని దాచేస్తుంది, చల్లని ఇంజిను దాచలేదు. ప్యూజో ఇంజినుకు చలిలో లోపలి గాలిని వేడి చేసే హీటర్ ప్లగ్గులు కావాలి, వాటికి కొన్ని క్షణాలు సమయం ఇచ్చి సెల్ఫ్ కొట్టండి. డీఐ సాధారణంగా ప్లగ్గుల సాయం లేకుండానే అందుకుంటుంది. సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజిను అందుకోవడానికి చాలాసేపు పడితే, లోపం కంప్రెషన్‌లోనో (గాలిని నొక్కడంలోనో) డీజిల్ సరఫరాలోనో ఉంది. రెండోది సులువుగా బాగవుతుంది. మొదటిదానికి ఇంజిను విప్పాలి.

స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. మొదటి నిమిషంలో కాస్త తెల్లపొగ వచ్చి తగ్గిపోతే భయం లేదు. తగ్గకుండా కళ్లు మండించే డీజిల్ వాసనతో వస్తూనే ఉంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదు: నాజిల్, టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం), కంప్రెషన్ మూడూ అనుమానించాలి. తియ్యటి వాసన ఉన్న తెల్లపొగ అయితే కూలెంటు లోపలికి పోతోంది. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఎక్సిలేటర్ తొక్కినప్పుడు వచ్చే నల్లపొగ వీటిలో అన్నిటికంటే చవకైన లోపం కావచ్చు, చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది.

ఇంజిను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి ఆ రంధ్రం మీదే పెట్టండి. సన్నగా ఆవిరి రావడం పాత డీజిల్‌కు సహజమే. మూత ఎగిరిపడేంత గాలి కొడుతుంటే రింగులు అయిపోయాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకండి, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా త్వరలోనే నల్లబడుతుంది. చూడవలసింది వేరే: ఆయిల్ పలచగా ఉండి, మట్టం గీత దాటి, డీజిల్ వాసన వస్తోందంటే పంపు వైపు నుంచి డీజిల్ ఆయిల్‌లోకి కారుతోంది. మజ్జిగలా తెల్లబారి ఉంటే నీరు చేరింది. రేడియేటర్ మూత మాత్రం స్టార్ట్ చేయకముందే, చల్లగా ఉన్నప్పుడే తీసి చూసి ఉండాలి. నూనె తెట్టు కనిపించినా, స్టార్ట్ చేశాక ఆగకుండా బుడగలు వచ్చినా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పైభాగం కింద ఉండే సీలు) ఖర్చు లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు నాలుగు చక్రాల సంగతి. చాలామంది అమ్మకందారులు "ఫోర్ వీల్ పనిచేస్తుంది" అని లివర్ లాగి చూపిస్తారు. లివర్ కదలడం రుజువు కాదు. చదునైన నేల మీద బండి ఆపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజిను ఆర్పి, ఒకటో గేరులో ఉంచండి. ముందు చక్రం ఒకదాన్ని జాకీతో లేపండి. టూ వీల్‌లో ఉన్నప్పుడు ఆ చక్రం చేత్తో తిరగాలి. ముందు చక్రాల మధ్యనుండే హబ్‌లకు చేత్తో తిప్పే లాకులు ఉంటే రెండు వైపులా లాక్ చేసి, ఫోర్ వీల్ వేసి మళ్లీ తిప్పండి. ఈసారి బిగుసుకుపోవాలి. బిగిసే ముందు ఎంత ఊగుతోందో గమనించండి. ఎక్కువ ఊగితే షాఫ్ట్ జాయింట్ క్రాస్‌లు, ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్లు, శక్తిని ముందు ఇరుసుకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లలో ఎక్కడో అరుగుదల ఉంది. తమంతట తామే లాక్ అయ్యే హబ్‌లకు ఈ పరీక్ష కుదరదు, వదులు మట్టిలో నడిపి చూడవలసిందే. తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పకండి. ఈ బళ్లలో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు కాబట్టి గేర్లన్నీ మెలిపడతాయి. నాలుగు టైర్లు ఒకే సైజులో, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలనేది కూడా అందుకే.

జాకీ దించకముందే చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. వదులుగా ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే అరిగింది చక్రం బేరింగు, ఆగకపోతే చక్రం పక్కలకు తిరిగే కీలు, అంటే కింగ్ పిన్ వైపు లోపం. ఇరుసు గొట్టం మీద ఉండే చిన్న బ్రీదర్‌ను (గాలి రంధ్రాన్ని) కూడా చూడండి. దాన్ని చాలామంది పట్టించుకోరు. అది బురదతో మూసుకుపోతే వేడెక్కిన గాలి బయటికి పోలేక సీళ్లలోంచి ఆయిల్‌ను తోస్తుంది. వేడి ఇరుసు వాగులో దిగగానే అదే సీళ్ల గుండా నీటిని లాగుతుంది. సీళ్లు మార్చినా మళ్లీ కారుతున్న బండికి తరచుగా ఇదే కారణం.

బండి కొని ఇంటికి తెచ్చుకున్నారనుకుందాం. మొదటి పని డీజిల్ ఫిల్టర్ మార్చి, గాలి తీయడం. ఫిల్టర్ చుట్టూ దుమ్ము తుడిచి, పాతది విప్పండి. అందులోని డీజిల్‌ను గాజు సీసాలో పోసి పక్కన పెట్టండి. కొత్తది బిగించాక ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టండి. నురగ పోయి నిండుగా డీజిల్ వచ్చేదాకా కొట్టి, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. ఆ తరువాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే చేయాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గరి పైపు నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా మధ్యలో విరామం ఇవ్వండి. చిమ్మే చోట చెయ్యి పెట్టవద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది. సీఆర్‌డీఈ ఇంజినులో ఈ నట్లు అసలు ముట్టుకోకూడదు, అక్కడి ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది.

గాలి తీసిన రోజు బాగానే నడిచి, మర్నాడు ఉదయం మళ్లీ మొండికేస్తే ఎక్కడో గాలి చొరబడుతోంది. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ పీల్చబడుతుంది, అందువల్ల పగులు ఉన్నా బయటికి చుక్క కారకపోవచ్చు. ఫీడ్ పంపు ముందు తాత్కాలికంగా పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క వేసి చూడండి, బుడగలు కంటికే కనిపిస్తాయి. ఎక్కువసార్లు దోషి ఎండిపోయిన రబ్బరు పైపో, వదులైన క్లిప్పో అవుతుంది.

గాజు సీసాలో పోసిన పాత డీజిల్‌ను ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున విడిగా నీటి పొర, తుప్పు పొడి కనిపిస్తే ట్యాంకు దించి కడగాలి. ఆ పని ఎలా చేయాలో 3వ పాఠంలో చూద్దాం. అప్పటికి ట్యాంకులో డీజిల్ వీలైనంత తక్కువగా ఉంచండి.