పిల్లల్ని ఎన్‌ఎస్‌ఎస్‌కి పంపాలా? పంపేటట్టయితే ఎలా?

అడ్మిషన్లు అయ్యి ఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో, చేరేవాళ్ల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టగానే, ఏటా ఎవరో ఒక తల్లో తండ్రో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడతారు. "మేడమ్, ఇందులో సేరితే గుంటడి సదువు పాడవదు కదా?" అంటారు. ఒకసారి ఒక నాన్నగారు ఇంకో మాట అడిగారు. "వలంటీర్ అంటన్నారు, నెలకి ఎంతిస్తారు?" ఆయన తప్పేం లేదు. 2019 నుంచి కొన్నేళ్లపాటు మన ఊళ్లలో వలంటీర్ అంటే ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టేవాళ్లే. ఇది అది కాదండీ, దీనికి జీతం ఉండదు అన్నాను. "మరేటొస్తాది?" అన్నారు. అప్పుడు క్లాసుకి టైమైపోయి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

నేను టెక్కలి వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. చాలా ఏళ్లుగా ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్ పని కూడా నాదే. నన్నడిగితే, పంపండి. పదహారు, పదిహేడేళ్ల వయసు దీనికి సరైన వయసు. కానీ ఏ పనికి పంపుతున్నారో కనుక్కుని పంపండి. సేవ పేరు పెట్టిన ప్రతిదీ సేవ కాదు.

ముందు లెక్కలు చూద్దాం. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబరు 24న మొదలైంది. అప్పుడు యూనివర్సిటీల్లోనే ఉండేది, తర్వాత ఇంటర్‌కీ వచ్చింది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240 గంటలు పనిచేయాలి. దాంతోపాటు కాలేజీ దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల క్యాంపు ఒకటి చేయాలి. రెండూ అయితేనే సర్టిఫికెట్. 120 గంటలంటే భయపడకండి, వారానికి రెండున్నర గంటలు కూడా పడదు. సెకండియర్‌లో ఈఏపీసెట్ రాసే పిల్లలుంటే, ఎక్కువ గంటలు ఫస్టియర్‌లోనే అయ్యేలా చూడమని మమ్మల్ని అడగండి, సర్దుతాం. సెకండియర్ సంక్రాంతి దాటాక కొత్త పని ఒప్పుకోవద్దని నా పిల్లలకి నేనే చెబుతాను.

ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) వేరు. అది హైస్కూల్లోనే మొదలవుతుంది. డ్రిల్లు, యూనిఫాం, క్రమశిక్షణ ఉంటాయి. సైన్యం మీద మనసున్న పిల్లలకి డిగ్రీలో 'సీ' సర్టిఫికెట్ దాకా వెళితే నిజంగా దారి దొరుకుతుంది. మీ కాలేజీలో ఈ రెండూ లేకపోతే, కేంద్రం 2023 అక్టోబరు 31న మొదలుపెట్టిన మేరా యువ భారత్ అనే యువజన సంస్థ ఉంది. 15 నుంచి 29 ఏళ్ల వాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రోగ్రాం ఆఫీసర్‌ని మీరు మొదట అడగాల్సింది, "ఈ పని వల్ల ఎవరికి మేలు, మా అబ్బాయికి ఆ మనిషి కనపడతాడా?" అని.

ఇలా అడగమనడానికి కారణముంది. మొదట్లో ఒకసారి, ఓ సభకి వలంటీర్లు కావాలని పైనుంచి ఫోనొస్తే నలభైమందిని తీసుకెళ్లాను. కుర్చీలు వేయించారు, ఎండలో వరసగా నిలబెట్టారు. మధ్యాహ్నం రెండు దాకా భోజనం పెట్టలేదు. ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. దాన్ని నా ఒళ్లో పడుకోబెట్టుకుని ముఖం మీద నీళ్లు చల్లుతుంటే, "సారీ మేడమ్" అని నాకే చెప్పింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. ఆ రోజు గంటలు రిజిస్టర్లో పడ్డాయి. ఎవరికీ ఏ మేలూ జరగలేదు. పంపనని ఆ రోజే అనాల్సింది నేను. అప్పట్నుంచి అంటున్నాను. మీరు కూడా అనొచ్చు. "ఇలాంటిదానికి మా అమ్మాయిని పంపం" అని తల్లిదండ్రులు ఒక కాగితం రాసిస్తే మాకూ బలం.

మంచి పని ఎలా ఉంటుందో కూడా చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. రోడ్ల మీద చెట్లు తీశాక మా పిల్లల్ని ఒక ఊరికి తీసుకెళ్లాం. నష్టం రాసే అధికారులు వచ్చేసరికి రైతు దగ్గర తనదంటూ ఒక లెక్క ఉండాలి కదా. అందుకని ఒక్కో తోటకి ఇద్దరు పిల్లలు, ఒక లాంగ్ నోట్‌బుక్. చెట్లు లెక్కపెట్టి రైతుకి కాగితం ఇచ్చేయాలి, అంతే పని.

మా సెకండియర్ అబ్బాయి ఒకడు ఒక ముసలాయన వెంట నడిచాడు. ఆయన పడిపోయిన ప్రతి చెట్టు మొదట్లోనూ చేయి పెట్టి చెబుతున్నారు. "ఇది మా అయ్య ఏసింది. ఇది నా పెళ్లైన ఏడు ఏసింది. ఇది మా పెద్దపాప పుట్టినేడు." అబ్బాయి అంకెలు వేసుకుంటూ, పక్కన మార్జిన్లో 'పెళ్లి', 'పెద్దపాప' అని కూడా రాశాడు. ఆ వివరం ఎవరికీ అక్కర్లేదు. రాయమని నేనూ చెప్పలేదు. చివర్న "తాతా, మళ్లీ మొక్క వేస్తే ఎప్పటికి కాస్తాది?" అని అడిగాడు. "ఆరేడేళ్లు బాబూ" అన్నారాయన. అబ్బాయి నోట్‌బుక్ మూసి కాసేపు అలాగే కూర్చున్నాడు. నేను బోర్డు మీద కొబ్బరి గురించి ఎన్నిసార్లు చెప్పుంటాను! ఆరేడేళ్లంటే ఎంతో వాడికి ఆ రోజు ఆ తోటలోనే తెలిసింది.

"మరేటొస్తాది?" అన్న నాన్నగారికి నేను చెప్పాల్సింది ఇదే.

క్యాంపు సంగతి. అమ్మాయిల్ని పంపేవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు, మహిళా లెక్చరర్ ఎవరు వస్తున్నారు, బాత్రూమ్‌కి గడియ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. వీలైతే ఒకరోజు ముందు ఆ ఊరి బడి చూసి రండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే పంపొద్దు. సంచిలో దుప్పటి, చేతి టార్చి, సొంత కంచం, గ్లాసు, టోపీ, పాత చెప్పులు, రెండు లీటర్ల నీళ్ల సీసా, వాడే మందులుంటే ఏవి ఎప్పుడు వేసుకోవాలో రాసిన చీటీ పెట్టండి. అమ్మాయిలకి ప్యాడ్లు తేదీతో సంబంధం లేకుండా పెట్టండి. కొత్త బట్టలు వద్దు. ఆ ఊళ్లో మన పిల్లల ఈడువాళ్లు చూస్తుంటారు.

ఇంకొకటి, రక్తదాన శిబిరాలు. పద్దెనిమిది నిండనివాళ్లు రక్తం ఇవ్వకూడదు. "ఒంటికి బాగానే ఉన్నాడు కదా, పర్లేదు" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ఇంటర్ పిల్లలు పేర్లు రాయొచ్చు, ఇచ్చినవాళ్లకి జ్యూస్ అందించొచ్చు. ఆ పని తక్కువదేం కాదు.

పిల్లలకే ఇష్టం లేకపోతే? బలవంతం చేయొద్దు, అలాగని ఒక్కసారి అడిగి వదిలేయనూ వద్దు. "రెండు ఆదివారాలు వెళ్లిరా, తర్వాత నీ ఇష్టం" అనండి. సిగ్గుపడే పిల్లలే మొదట వద్దంటారు. ముసలమ్మలు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేదీ వాళ్లతోనే. ఎన్నోసార్లు చూశాను.

చివరిగా, ఇంటికి తిరిగొచ్చాక మీరు చేయాల్సింది ఒకటుంది. ఒక క్యాంపులో ఉద్దానంలోనే కిడ్నీ జబ్బున్న ఇళ్లకి సర్వేకి వెళ్లాం. నీళ్లు ఎక్కడివి తాగుతున్నారు, ఇంట్లో ఎవరికి డయాలసిస్, ఇలాంటి ప్రశ్నలు. ఒకావిడ అరుగు మీంచి లేవలేదు. "మీరూ రాసుకోడానికే వచ్చీరేటమ్మా? అందరూ రాసుకుని ఎల్లిపోతారు, మల్లీ ఒక్కలూ రారు" అంది. మా కాలేజీ అమ్మాయి చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది. ఆ ఇంటి ఫారం ఖాళీగానే తెచ్చింది. నేనేమీ అనలేదు.

ఆ అమ్మాయి ఇంటికెళ్లి వాళ్లమ్మకి చెప్పిందట, మళ్లీ వెళ్తానని. క్యాంపు అయిపోయింది, గంటలు నిండిపోయాయి, ఇంకెందుకని ఆ తల్లి అనలేదు. ఆ తర్వాతి ఆదివారం తనే తోడెళ్లింది. అరుగు మీది ఆవిడ లోపల్నుంచి పాలిథిన్ కవరు తెచ్చి, ఆసుపత్రి కాగితాలు ఈ పిల్ల ముందు పోసి, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చదివి చెప్పమందట. పిల్ల తేదీలన్నీ వరసగా పెద్ద అక్షరాల్లో ఒక అట్ట మీద రాసి గోడకి మేకు కొట్టి తగిలించింది. మా రిజిస్టర్లో ఆ ఆదివారం లేదు.

మీ పిల్లలు అలా మళ్లీ వెళ్తానంటే బస్సు ఛార్జీ ఇవ్వండి. వీలైతే మీరూ వెళ్లండి.