బ్యాటరీ షాపులోని సీసం ఇంటికి చేరకుండా చూసుకునే విధానం

అనంతపురంలో లారీల, ట్రాక్టర్ల, ఇన్వర్టర్ల పాత బ్యాటరీలను విప్పి ప్లేట్లు మార్చేవారి పిల్లలకు సీసం సోకడానికి ఆ పిల్లలు షాపులో అడుగు పెట్టనక్కరలేదు. సాయంత్రం తండ్రి చొక్కా మీద, జుట్టులో, చెప్పుల అడుగున ఇంటికి వచ్చే దుమ్ము చాలు. ఈ మాట పనివారిని తప్పుపట్టడానికి కాదు. జాగ్రత్త ఇంటి గడప దగ్గర కాక షాపులోనే మొదలు కావాలని చెప్పడానికే.

శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడి లోనికి తీసుకుంటుంది. నరాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే చోట కాల్షియం చేయవలసిన పనిని అది చెడగొడుతుంది. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దల పేగులు పీల్చుకునే దానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల పేగులు పీల్చుకుంటాయి. అందుకే అదే ఇంట్లో తండ్రికి కడుపు నొప్పి, మలబద్ధకం, కొన్నేళ్లకు మణికట్టు పట్టు సడలి చెయ్యి వాలిపోవడం కనిపిస్తే, బిడ్డకు ఏ నొప్పీ లేకుండానే చదువు మీద ధ్యాస తగ్గవచ్చు, మాటలు ఆలస్యం కావచ్చు, చిరాకు పెరగవచ్చు. మోతాదు మరీ ఎక్కువైతే మూర్ఛలు వస్తాయి.

పని బట్టలను, చెప్పులను షాపులోనే విడిచి, చేతులు, ముఖం సబ్బుతో రుద్ది కడుక్కొని, వేరే బట్టలు కట్టుకొని బయలుదేరండి. శానిటైజర్ సీసాన్ని తొలగించదు కాబట్టి దానిని నమ్ముకోవద్దు. వీలైతే స్నానం కూడా అక్కడే చేయాలి. వీలుకాకపోతే ఇంటికి రాగానే, బిడ్డను ఎత్తుకోకముందే చేయాలి. పని బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతకకూడదు. షాపులో టీ తాగడం, బీడీ కాల్చడం చేతులు కడిగాకనే. ఇంటి వాకిట్లోగాని పెరట్లోగాని సీసం కరగబెట్టడం ఎంత చిన్న ఎత్తున చేసినా పూర్తిగా మానాలి. పొగతో వచ్చిన సీసం మట్టిలో దిగి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

ఇంట్లో పొడి పొరకతో కసువు ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ మంచం మీదా గిన్నెల మీదా పడుతుంది. తడిగుడ్డతోనే తుడవాలి. కడప బండలు పరిచిన ఇళ్లలో బండల సందుల్లో దుమ్ము నిలుస్తుంది గనుక ఆ సందులను సబ్బునీళ్లతో కడగడం అవసరం. పాకే బిడ్డ చేతులను తిండికి ముందూ నిద్రకు ముందూ కడగాలి.

ఖాళీ కడుపున సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలకు మరీ ఎక్కువ. ఈ విషయంలో మన రాగి సంగటి మంచి అండ: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. దానితో ఆకుకూర పప్పు, కాస్త నిమ్మరసం ఉంటే ఇనుము కూడా బాగా ఒంటబడుతుంది. అయితే దుమ్మును ఆపకుండా తిండి ఒక్కటే కాపాడలేదు.

ఇటువంటి ఇంటి బిడ్డకు లక్షణాల కోసం ఎదురుచూడకుండా రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. వైద్యునికి తండ్రి పని ఏమిటో ముందుగా చెప్పండి. చెప్పకపోతే ఆ అనుమానమే రాకపోవచ్చు. వేలికొనను గుచ్చి తీసిన నమూనాలో ఎక్కువ వస్తే, చేతికి అంటిన దుమ్ము కలిసిందేమోనని సిర నుంచి తీసిన రక్తంతో నిర్ధారించుకోవాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం వస్తున్న చోటును వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. పిల్లల్లో సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా 45, ఆపైన ఉన్నప్పుడు, వైద్యుని పర్యవేక్షణలోనే వాడతారు. ఒంటిని శుద్ధి చేస్తాయని అమ్మే భస్మాలు మాత్రం ఇవ్వవద్దు. నాగభస్మం తయారయ్యేదే సీసంతో.

ఆ ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకూ పరీక్ష చేయించాలి: పాతికేళ్ల కిందట ఎముకల్లో చేరిన సీసం సైతం గర్భంతో ఉన్నప్పుడు రక్తంలోకి కరిగి కడుపులోని బిడ్డను చేరుతుంది.