బ్యాగులు దించి మూడు రోజులు: పిల్లలతో కలకత్తా మజిలీ

రాజమండ్రి నుంచి పూరీ, అక్కణ్నుంచి కలకత్తా, ఆపైన డార్జిలింగ్. 2025 మేలో పదమూడు రోజులు తిరిగాం. మేమిద్దరం, ఏడో తరగతి పెద్దాడు, ఆరేళ్ల చిన్నది. వీపున మూడు బ్యాగులు, స్లీపర్ బెర్తులు, ఎనిమిది వందలకి మించని రూములు. "తీర్థయాత్రా, దేశద్రిమ్మరితనమా?" అని మా అత్తయ్య అడిగింది. రెండూ కొంచెం కొంచెం అన్నాను.

ఇలా చవగ్గా తిరిగేటప్పుడు నాలుగో రోజుకో అయిదో రోజుకో పిల్లలు పేచీకి దిగుతారు. మాకు పూరీలో అయింది. ఇసకలో ఆడినంతసేపు ఆడి, సాయంత్రం చిన్నది చెప్పు బకిల్ పడట్లేదని అరగంట ఏడ్చింది. ఏడుపు చెప్పు గురించి కాదని మీకూ తెలుసు. అందుకే దారి మధ్యలో ఒక పెద్ద ఊళ్లో మూడు రాత్రులు ఆగేలా ముందే ప్లాన్ చేసుకోండి. అది చూడ్డానికి ఆగే ఊరు కాదు, నిద్రకీ, బట్టలకీ, కడుపుకీ ఆగే ఊరు. చూసింది ఎంతైనా అది లాభమే.

కలకత్తా దీనికి బాగా కుదురుతుంది. పూరీలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హౌరా. డార్జిలింగ్ కొండలెక్కడానికి దిగాల్సిన స్టేషన్ న్యూ జల్పాయ్‌గురి. అక్కడికి వెళ్లే రాత్రి రైళ్లు చాలావరకు కలకత్తాలోనే ఇంకో స్టేషన్, సియాల్దా నుంచి. రెండు రాత్రులు రైల్లోనే గడుస్తాయి, రూము అద్దె మిగులుతుంది. ఆ మిగిలింది కలకత్తా రూముకి పెట్టాం. మిగతా చోట్ల ఎనిమిది వందలు, ఇక్కడ పంతొమ్మిది వందలు, ఏసీతో. మే నెల కలకత్తాలో ఏసీ లేకుండా పిల్లలు మధ్యాహ్నం పడుకోరు, వాళ్లు పడుకోకపోతే మీరూ పడుకోరు.

టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. వేసవిలో ఆ మొదటి రోజు పొద్దున్నే చేసుకోండి. అయిదేళ్లు నిండిన పిల్లలకి బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. రాత్రి ప్రయాణానికి ఆ సగం దగ్గర కక్కుర్తి పడొద్దు. ఒక బెర్త్ మీద ఆరేళ్ల పిల్లతో పడుకున్న మనిషి పొద్దున ఎవరితోనూ మంచిగా మాట్లాడదు.

రూము దగ్గర మేం ఒక తప్పు చేశాం. ఫొటోలు చూసి మూడు రాత్రులకీ ముందే డబ్బు కట్టేశాం. వెళ్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. డబ్బు తిరిగి రాదన్నారు. ఒక రాత్రి అక్కడే ఏడ్చి, మిగతా రెండింట్లో ఒకదాని డబ్బు బతిమాలి రాబట్టుకుని పక్క వీధిలోకి మారాం. కాబట్టి మొదటి రాత్రికి మాత్రమే బుక్ చేయండి. వెళ్లాక బాత్రూము కుళాయి తిప్పి చూడండి, నీళ్లు ఎంత గట్టిగా వస్తాయో. బకెట్, మగ్ ఉన్నాయా చూడండి. ఫోన్ చేసి రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: లిఫ్టు ఉందా, పొద్దున ఆరింటికి వస్తే రూము ఇస్తారా. చాలా చోట్ల చెకిన్ మధ్యాహ్నమే. అప్పటిదాకా స్టేషన్ క్లోక్ రూములో బ్యాగులు పెట్టుకోవచ్చు, అయితే తాళం లేని బ్యాగు తీసుకోరు. మూడు చిన్న తాళాలు ఇంటి దగ్గరే కొనుక్కోండి.

చవగ్గా తిరిగేవాళ్లు దశాబ్దాలుగా దిగే పేట సడర్ స్ట్రీట్. ఇండియన్ మ్యూజియం పక్క సందే అది, న్యూ మార్కెట్ నడిచే దూరం. రూములు పాతవి, రద్దీ ఎక్కువ. అయినా పిల్లలతో ఉన్నప్పుడు "ఇంకా ఎంత దూరం?" అనే మాట వినపడకపోవడమే పెద్ద సుఖం.

మొదటి రోజు ఏమీ చూడకండి. మేం చేసింది బట్టలుతకడం. నలుగురివి అయిదు రోజుల బట్టలు, ఒక్క బకెట్. లాండ్రీకి ఇవ్వొచ్చు గానీ కిలో లెక్కన అడిగేసరికి మా ఆయన మొహం మారింది. సబ్బు బిళ్ల తెచ్చుకున్నాం, ఉతికాం. అసలు కష్టం ఆరబెట్టడంలో. మేలో కలకత్తా గాలి తడిగుడ్డలా ఉంటుంది, మన గోదావరి ఒడ్డు ఉక్కపోత దానికి చెల్లెలు. చిట్కా ఇదీ: పొడి తువ్వాలు నేల మీద పరిచి, పిండిన చొక్కా దాని మీద పెట్టి, చాపలా చుట్టి, పిల్లల్ని ఎక్కి తొక్కమనండి. మావాళ్లిద్దరూ పోటీపడి తొక్కారు. విప్పితే తువ్వాలు బరువెక్కి ఉంది, చొక్కా సగం ఆరిపోయింది. కిటికీ గ్రిల్ నుంచి బీరువా హ్యాండిల్ దాకా నైలాన్ తాడు కట్టి ఫ్యాను కింద వేస్తే తెల్లారేసరికి తొడుక్కునేలా ఉన్నాయి. పెద్దాడి జీన్స్ మాత్రం మూడు రోజులు వేలాడి, తడిగానే డార్జిలింగ్ వచ్చింది. జీన్స్ తీసుకెళ్లకండి.

తర్వాతి రెండు రోజులూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం నిద్ర. ఇండియన్ మ్యూజియం 1814లో మొదలైంది. అందులో మా పిల్లలకి కావాల్సింది ఈజిప్టు మమ్మీ ఒక్కటే. గంటన్నరలో బయటికొచ్చేశాం, బాధపడలేదు. సోమవారం అది మూసేస్తారు, విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలూ అంతే. అలీపూర్ జూకి గురువారం సెలవు. మీ మూడు రోజుల్లో సోమవారం పడుతుంటే దాన్ని బట్టలకి వాడుకోండి. విక్టోరియా లోపలికి వెళ్లలేకపోయినా తోటకి వేరే టికెట్ ఉంటుంది, పిల్లలు పరిగెత్తడానికి అది చాలు.

నన్నడిగితే ఊళ్లో అన్నిటికన్నా మంచి ఖర్చు హుగ్లీ నది మీద హౌరా ఘాట్ నుంచి బాబూఘాట్ దాకా లాంచీ. అందరికీ కలిపి టీ డబ్బులంత. సాయంత్రం అయిదున్నరకి ఎక్కాం. పక్కనే హౌరా వంతెన. 1943 నుంచీ జనాన్ని మోస్తోంది. పెద్దాడు దాని కిందికి చూసి, "మన గోదావరి బ్రిడ్జికి అన్ని స్తంభాలున్నాయి కదా, దీనికి నీళ్లలో ఒక్కటీ లేదేంటి?" అన్నాడు. రెండొడ్ల మీద రెండు టవర్లే, మధ్యలో అంతా వేలాడుతుందని మా ఆయన వేళ్లు చాపి చూపించారు. అంతలో ఆకాశం ఉత్తరం వైపు నల్లబడింది. కాలబైశాఖి అంటారట, వేసవి సాయంత్రాల గాలివాన. మేం దిగీ దిగకముందే దుమ్ము లేచింది. అలాంటప్పుడు లాంచీలు ఆపేస్తారు, మబ్బు చూసుకుని ఎక్కండి.

హౌరా నుంచి మెట్రో కూడా ఎక్కండి. నది కింద నుంచి వెళ్తుంది, ఆ ముక్క ముప్పావు నిమిషమే. మా చిన్నది చేపలు కనిపిస్తాయని కిటికీకి ముక్కు ఆనించి నిలబడింది. నేనూ కాదనలేదు.

తిండి దగ్గర టెన్షన్ పెట్టుకోకండి. పైస్ హోటళ్లని పాతకాలం అన్నం హోటళ్లుంటాయి. పప్పు, వేపుడు, చేప, దేనికది విడిగా లెక్క. కొన్నిచోట్ల అరిటాకుకీ డబ్బు వేస్తారు, పోట్లాడకండి. ఆవనూనె వాసన మా వాడికి పడలేదు. రెండో రోజు లేక్ మార్కెట్ వైపు వెళ్లి ఇడ్లీ తినిపించాం, తమిళవాళ్లు ఎప్పట్నుంచో ఉన్న పేట అది. ఒక్క పూట సొంత రుచి తగిలితే పిల్లలు మళ్లీ నాలుగు రోజులు ఏదైనా తింటారు. మిష్టీ దొయి, అంటే తియ్యటి పెరుగు, మట్టి ముంతలో ఇస్తారు. ఖాళీ ముంత చిన్నది ఇంటిదాకా మోసింది.

వెళ్లే రోజు హౌరా, సియాల్దా రెండూ వేర్వేరని మర్చిపోకండి. మధ్యలో నది ఉంది. మేం వెళ్లినప్పుడు ఆ రెంటినీ కలిపే మెట్రో లేదు, ఆ ఏడాదే ఆగస్టులో వచ్చింది. ఇప్పుడు తేలికే. అయినా బ్యాగులతో, పిల్లలతో గంటన్నర ముందు రూము వదలండి. రైలెక్కే ముందు బ్రెడ్డు, అరటిపళ్లు, రెండు లీటర్ల నీళ్లు. స్వెటర్లు బ్యాగు అడుగు నుంచి తీసి పైన పెట్టుకోండి, న్యూ జల్పాయ్‌గురిలో దిగి షేర్ జీపెక్కాక దారిలో కొండ ఊరు కుర్సియాంగ్ దాటకముందే పిల్లలు అడుగుతారు.