న్యూజిలాండ్ మేత భూముల్లో స్థానిక అడవి: కార్బన్ యూనిట్లకు దరఖాస్తు విధానం

మేపడం ఆపేసిన కొండవాలులో మానుకా, కానుకా, టోటరా మొక్కలు వాటంతటవే లేస్తుంటే, ఆ భూమిని న్యూజిలాండ్ ఉద్గారాల వాణిజ్య పథకంలో నమోదు చేయించుకోవచ్చు. (కానుకా మన కానుగ చెట్టు కాదు, మానుకాకు దగ్గరి చుట్టం.) చెట్లు పీల్చుకున్న టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు అమ్ముకోదగిన ఒక యూనిట్ ఇస్తారు. దరఖాస్తును పరిశీలించేది ప్రాథమిక పరిశ్రమల మంత్రిత్వ శాఖ.

ముందు అర్హత. 1989 డిసెంబరు 31 నాటికి అక్కడ అడవి ఉండకూడదు. ఉండి, 1990 నుంచి 2007 మధ్య తొలగించిన భూమైతే ఫర్వాలేదు. కనీసం 1 హెక్టారు ఉండాలి, సగటు వెడల్పు 30 మీటర్లకు తగ్గకూడదు. ఆ చోట 5 మీటర్ల ఎత్తుకు ఎదగగల జాతులు ఉండాలి, వాటి కొమ్మల నీడ ప్రతి హెక్టారులో 30 శాతం దాటాలి. ఇప్పుడే దాటి ఉండనక్కర్లేదు, దాటుతుందని చూపగలిగితే చాలు. అసలు చిక్కంతా ఈ చూపడంలోనే వస్తుంది.

గోర్స్ ముళ్లపొద కమ్ముకున్న వాలును దూరం నుంచి చూసి అడవి అనుకోవద్దు. గోర్స్ లెక్కలోకి రాదు, దాని నీడలో మొలిచిన స్థానిక మొక్కలే వస్తాయి. పొదల్లోకి దిగి, మొక్కల జాతి, ఎత్తు, హెక్టారుకు సుమారు సంఖ్య రాసుకోండి. ప్రతి ఫోటోకూ జీపీఎస్ స్థానం ఉండాలి. విత్తనం ఎక్కడి నుంచి వస్తోందో, అంటే దగ్గర్లో మిగిలిన పాత అడవి ఏదో, పటంలో గుర్తించండి. కంచె లేకపోతే గొర్రెలు, పశువులు మొలకల్ని మిగల్చవు. కంచె ఉన్నా అడవి మేకలు, జింకలు, పోసమ్‌లు (చెట్లెక్కి ఆకులు తినే చిన్న జంతువులు) వస్తాయి కాబట్టి వాటి నియంత్రణకు ఏం చేస్తున్నారో రాయండి. 1989 నాటి స్థితికి రెట్రోలెన్స్ అనే వెబ్‌సైట్‌లోని పాత విమాన ఛాయాచిత్రాలు మంచి ఆధారం.

తర్వాత ఏ వర్గంలో చేరాలో తేల్చుకోవాలి. సాధారణ వర్గంలో స్థానిక అడవికి ‘సగటు వయసు’ పేరిట పథకం పెట్టిన హద్దు 23 ఏళ్లు. అది దాటాక యూనిట్లు రావు. 2023 నుంచి ఉన్న శాశ్వత అడవి వర్గంలో ఎదుగుతున్నంత కాలం వస్తాయి, కానీ 50 ఏళ్ల పాటు అడవినంతా ఒకేసారి నరికేయకూడదు. స్థానిక అడవిని కలప కోసం పెంచని వారికి శాశ్వత వర్గమే మేలని మా అభిప్రాయం. అయితే 50 ఏళ్లంటే వారసుల మాట కూడా, ఇంట్లో అందరితో మాట్లాడకుండా సంతకం పెట్టకండి.

దరఖాస్తుకు ముందే ఉద్గారాల రిజిస్టరులో ఖాతా తెరవాలి. భూమి హక్కు పత్రం, గుర్తింపు రుజువులు, అడవి సరిహద్దుల డిజిటల్ పటం, పైన చెప్పిన ఆధారాలు తుపు-ఆకే అనే ఆన్‌లైన్ వ్యవస్థలో సమర్పించి రుసుము చెల్లించాలి. కౌలుదారు పేరిట పెడుతుంటే కౌలు రిజిస్టరై ఉండాలి, యజమాని ఒప్పుకోవాలి. పటం గీసేటప్పుడు దారులు, రాతి నేల, మొక్క లేని గడ్డి చీలికలు తీసేయండి. ఆశతో పెద్దగా గీసిన సరిహద్దు తిరిగొస్తుంది. తీయాల్సిందేమీ మిగలని చిన్న పటమే త్వరగా తేలుతుంది.

నమోదైన భూమి మొత్తం 100 హెక్టార్ల లోపైతే యూనిట్లను పట్టిక ప్రకారం లెక్కిస్తారు. స్థానిక అడవికి దేశమంతటికీ ఒకటే పట్టిక: 10 ఏళ్లకు హెక్టారుకు మొత్తం దాదాపు 40 టన్నులు, 50 ఏళ్లకు దాదాపు 323. మొదటి ఏళ్లలో రాబడి చాలా తక్కువ, 5వ ఏటికి 8 టన్నులు కూడా దాటదు. ఆ కొద్ది మొత్తాన్ని కంచె ఖర్చుతో పోల్చి చూసుకోండి. 100 హెక్టార్లు, ఆపైన ఉంటే చెట్లను క్షేత్రంలో కొలిపించాలి.

యూనిట్లు వాటంతటవే ఖాతాలో పడవు, ఉద్గారాల రిటర్ను, అంటే అడవి పీల్చిన కార్బన్ లెక్క చూపే పత్రం, మీరే దాఖలు చేయాలి. ఏటా వేయవచ్చు, ప్రతి తప్పనిసరి వ్యవధి చివర వేసి తీరాలి. ఇప్పటి వ్యవధి 2026–2030. అడవిని తొలగిస్తే పొందిన యూనిట్లు తిరిగి ఇవ్వాలి. భూమి అమ్మితే 20 పని దినాల్లో మంత్రిత్వ శాఖకు తెలియజేయాలి. కొన్నవారికి ఆ బాధ్యతలు కూడా వెళ్తాయి కాబట్టి, అమ్మకం ఒప్పందంలోనే ఆ మాట రాయించండి.