తొట్టి గోడను రుద్దకపోతే దోమ పోదు

డెంగీ, చికున్‌గున్యాలను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికి కాలువలో కంటే ఇంట్లో మనం నిల్వ చేసుకున్న శుభ్రమైన నీటిలోనే ఎక్కువగా పెరుగుతుంది. మురుగునీటిలో పెరిగేది ప్రధానంగా బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ. కాబట్టి వీధి కాలువను తిట్టుకునే ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి.

పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనుక ట్రే, కూలర్, మూతలేని డ్రమ్ము, డాబా మీది పాత టైరు, వాడని మరుగుదొడ్డి: వీటిలో ఏ ఒక్కటి మిగిలినా చాలు. టార్చిలైటు వేసి చూస్తే నీటి పైభాగాన తలకిందులుగా వేలాడే సన్నని పురుగులు కనిపిస్తాయి. మన నీడ పడగానే అవి మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి. అవే దోమ లార్వాలు. గుడ్డు నుంచి దోమగా మారడానికి వేడి వాతావరణంలో వారం, పది రోజులు సరిపోతాయి కనుక ఈ తనిఖీని వారానికి ఒకసారి తప్పకుండా చేయాలి.

అయితే నీళ్లు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏడిస్ దోమ తన గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటించి పెడుతుంది. నల్లని నలుసుల్లా ఉండే ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే తొట్టి లోపలి గోడలను గరుకు బ్రష్‌తో గట్టిగా రుద్ది కడిగి, ఆరబెట్టిన తరువాతనే నింపాలి. ఖాళీ చేయడం కుదరని ట్యాంకుకు సందు లేని మూత, గొట్టాలకు సన్నని జాలీ బిగించాలి. కొన్ని నగరాల్లో మలేరియా దోమ కూడా ఇలాంటి ట్యాంకుల్లోనే పెరుగుతుంది.

పొగ మందు మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. అది ఎగిరే దోమలను చంపుతుందే తప్ప నీటిలోని లార్వాలను తాకదు.

ఏడిస్ పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సూర్యాస్తమయానికి ముందు కుడుతుంది. మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ రాత్రివేళ కుడుతుంది. కాబట్టి పగలు నిద్రపోయే పసిపిల్లలకు కూడా దోమతెర కట్టాలి. చర్మానికి రాసుకునే మందుల్లో డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్నవాటిని ఎంచుకోవాలి. రెండు నెలల లోపు శిశువులకు మాత్రం వాటిని రాయకూడదు.

ఇంట్లో ఎవరికైనా డెంగీ సోకితే జ్వరం వచ్చిన తొలి వారమంతా వారిని పగలు కూడా దోమతెరలోనే ఉంచాలి, ఎందుకంటే వారిని కుట్టిన దోమే మిగిలినవారికి ఆ వైరస్‌ను చేరవేస్తుంది. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయకూడదు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోవడం పొరపాటు. ఆ ఒకటి రెండు రోజుల్లోనే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపించవచ్చు. వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.