గోల లేకుండా హుషారైన బొమ్మ వేయడం ఎలా

హుషారైన బొమ్మ అనగానే చాలామంది డబ్బాలోని ట్యూబులన్నీ తెరుస్తారు. బొమ్మ చెడేది అక్కడే. నీళ్లతో కలిపే, త్వరగా ఆరే అక్రిలిక్ రంగుల్లో ఐదు ట్యూబులు చాలు: లెమన్ ఎల్లో, నారింజ వైపు మొగ్గే ఎరుపు, మెజెంటా (ఊదా వైపు మొగ్గే గులాబీ), థాలో బ్లూ (ఘాటైన ముదురు నీలం), టైటానియం వైట్.

ఆకారాలు దొరకాలంటే పెన్సిల్ పక్కన పెట్టి కత్తెర పట్టండి. 1941లో పెద్ద శస్త్రచికిత్స అయ్యాక నిలబడి పనిచేయడం కష్టమైన ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ మతీస్, సహాయకులు గువాష్ అనే చిక్కటి నీటిరంగు పూసి ఇచ్చిన కాగితాలను గీతలు గీయకుండా నేరుగా కత్తిరించేవాడు. పెన్సిల్ పడితే చెయ్యి జాగ్రత్తపడుతుంది, కత్తెర పడితే తెగిస్తుంది. పది కాగితాలకు రంగులు పూసి, ఆరాక ముక్కలు కోసి, ఏ3 షీటు మీద అటూ ఇటూ జరుపుతూ ప్రతి అమరికనూ ఫోన్‌లో ఫోటో తీయండి. అతికించవద్దు, ఇది రంగులతో వేయబోయే బొమ్మకు నమూనా మాత్రమే. ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి చూడండి. పక్కపక్క ముక్కలు రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే ఒకదాన్ని లేతగా మార్చాలి.

బొమ్మలో కనీసం సగం నెమ్మదైన రంగే ఉండాలి. నీలిబూడిద పక్కన నారింజ వెలుగుతుంది, ఎరుపు పక్కన అదే నారింజ మసకబారుతుంది. ఆ బూడిద కోసం ట్యూబు కొననక్కర్లేదు. పాలెట్ (రంగులు కలిపే పలక) మీద మిగిలిన మురికి రంగులో తెలుపు కలపండి.

కలిపేటప్పుడు లేత రంగులోకే ముదురు రంగు వేయాలి. థాలో బ్లూ మహా పొగరుబోతు: పావు చెంచా పసుపుకు ఆవగింజంతతో మొదలుపెట్టండి. ఊదా కావాలంటే నీలంలో మెజెంటానే కలపాలి. నారింజ వైపు మొగ్గే ఎరుపులో పసుపు దాగి ఉంటుంది, అందుకే అది నీలంతో కలిస్తే గోధుమరంగు వస్తుంది.

ముదురు రంగు మీద పసుపు సరిగా కప్పదు. ముందు తెలుపు పూత వేసి ఆరనివ్వండి. పలుచని పూతకు పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. తొందరపడితే బ్రష్ కింది పొరను లేపేస్తుంది. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి రంగు ఒక ఛాయ లేతగానే కలుపుకోండి. అంచులకు మాస్కింగ్ టేప్ వేస్తే, మొదట దాని అంచు మీద కింది రంగునే మరోసారి పూయండి, కొత్త రంగు లోపలికి పాకదు. పై పూత పూర్తిగా ఆరకముందే టేప్ తీసేయాలి.

చుక్కలు, చారలు, కళ్లు అన్నిటికన్నా చివర, అదీ కొత్త నీళ్లతో.