దెబ్బల లెక్క, 4వ పాఠం: ‘ఇంక్రీజ్డ్’ వేరు, ‘మోర్’ వేరు

పాత్ ఆఫ్ ఎక్సైల్ అనే వీడియో గేమ్‌లో దెబ్బల లెక్క నేర్చుకుంటున్నాం కదా, ఈసారి క్రిట్ (అప్పుడప్పుడు మామూలు కంటే గట్టిగా పడే దెబ్బ) మల్టిప్లయర్, అంటే ఆ దెబ్బ ఎన్ని రెట్లు పడుతుందో చెప్తానన్నాను. మీ జవాబులు చూశాక ముందు పాత బాకీ తీర్చక తప్పదనిపించింది. మూడో పాఠం చివర ఇచ్చిన లెక్క గుర్తుందా? బాకు బేస్ క్రిట్ (ఆయుధానికి మొదటే ఉండే క్రిట్ ఛాన్స్, అంటే క్రిట్ పడే అవకాశం) 6%, నైపుణ్యాల చెట్టు మీదా గేర్ (పాత్ర తొడుక్కునే సామాను) మీదా కలిపి 200% ఇంక్రీజ్డ్ క్రిట్ ఛాన్స్. మొత్తం ఎంత అని అడిగాను. చాలామంది ‘206, కాబట్టి 100 దాటింది, ప్రతి దెబ్బా క్రిటే’ అని రాశారు. కాదు, 18% మాత్రమే. ఆ 200% అనేది 6కి రెండింతలు, అంటే 12. దాన్ని 6కి కలిపితే 18.

తప్పు మీది కాదు, నేనే ఆ మాట విప్పి చెప్పలేదు. పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో ‘ఇంక్రీజ్డ్’ అన్నా, ‘మోర్’ అన్నా తెలుగులో ‘ఎక్కువ’ అనే అంటాం. కానీ 2013లో విడుదలైన ఆ ఆటలో ఈ రెండూ అస్సలు ఒకటి కావు. ఇంక్రీజ్డ్‌లన్నీ ముందు ఒకదానికొకటి కూడుకుని, ఆ మొత్తం ఒక్కసారే బేస్ మీద పడుతుంది. మోర్ అలా కాదు, ప్రతిదీ విడిగా గుణించుకుంటూ పోతుంది.

ప్రభుత్వ ఉద్యోగి జీతం చూడండి. డీఏ, హెచ్‌ఆర్‌ఏ రెండూ బేసిక్ మీదే లెక్కగడతారు. డీఏ పెరిగిందని హెచ్‌ఆర్‌ఏ శాతం దాని మీద పడదు. ఇంక్రీజ్డ్ అచ్చం ఇంతే. మోర్ అంటే చేతికొచ్చే మొత్తం జీతం మీద మళ్లీ శాతం ఇచ్చినట్టు.

అంకెల్లో చూద్దాం. బేస్ దెబ్బ 100, మీ దగ్గర ఇప్పటికే 300% ఇంక్రీజ్డ్ డ్యామేజ్ ఉంది. దెబ్బ 400. ఇప్పుడు ఇంకో 40% ఇంక్రీజ్డ్ దొరికితే 440, అసలు లాభం పదో వంతే. అదే 40% మోర్ దొరికితే 560! ఒకే 40, ఒకే ఆకుపచ్చ జెమ్ (నైపుణ్యాలిచ్చే, వాటి బలం మార్చే రాయి) మీద కనిపించే ఒకే రకం అక్షరాలు, 120 తేడా. తగ్గించే మాటలకూ ఇదే లెక్క. 30% రిడ్యూస్డ్ అయితే 400 కాస్తా 370 అవుతుంది, 30% లెస్ అయితే 280కి పడిపోతుంది. రిడ్యూస్డ్ చూసి జెమ్ పక్కన పెట్టి, లెస్ ఉన్నదాన్ని తగిలించుకున్న బిల్డ్‌లు (పాత్రను తీర్చుకున్న తీరు) చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దయచేసి ఆ ఒక్క పదం చదివాకే అంకె చదవండి.

‘+1% క్రిటికల్ స్ట్రైక్ ఛాన్స్’ అని ఇంక్రీజ్డ్ మాట లేకుండా, ముందు ప్లస్‌తో ఉంటే అది బేస్‌లోకే చేరుతుంది. బేస్ 5, ఇంక్రీజ్డ్ 300% ఉన్నవాళ్లకు క్రిట్ 20%. ఆ ఒక్క శాతంతో 24% అవుతుంది. నేనైతే ఎప్పుడూ ముందు బేస్ ఎక్కువున్న ఆయుధం వెతుక్కుంటాను, మిగతావన్నీ తర్వాతే.

ఇక మల్టిప్లయర్. మామూలుగా 150%, అంటే క్రిట్ పడితే ఒకటిన్నర రెట్లు. గేర్ మీద +50% వస్తే 200%, నేరుగా కూడిక. సగటు లాభం తెలియాలంటే ఛాన్స్‌ని అదనపు భాగంతో గుణిస్తే చాలు. 20% ఛాన్స్, 150% మల్టిప్లయర్ అయితే 0.2 × 0.5, అంటే పది శాతం. అంతే! ఛాన్స్ తక్కువున్నప్పుడు మల్టిప్లయర్ కొనడం డబ్బు దండగ.

కత్తి, విల్లు లాంటి అటాక్‌లకు ఇంకో మెలిక ఉంది. క్రిట్ పడ్డాక అక్యురసీ (గురి) రెండోసారి పరీక్షిస్తారు. హిట్ ఛాన్స్ (దెబ్బ తగిలే అవకాశం) 80% అయితే, తగిలిన దెబ్బల్లో మీ 20% క్రిట్ నిజానికి 16%. రెండోసారి తప్పితే మామూలు దెబ్బే పడుతుంది. స్పెల్స్‌కి (మంత్రాలకు) ఈ బెడద లేదు. (ఈ అంకెలన్నీ మొదటి ఆటవే, పాత్ ఆఫ్ ఎక్సైల్ 2లో క్రిట్ బోనస్ లెక్క వేరు.)

సాధన: విల్లు బేస్ 6%, ఇంక్రీజ్డ్ 250%, మల్టిప్లయర్ 230%, హిట్ ఛాన్స్ 85%. ఉంగరంలో ఒక్క లైన్‌కే చోటుంది. 40% ఇంక్రీజ్డ్ క్రిట్ ఛాన్స్, +20% మల్టిప్లయర్, +0.5% బేస్ క్రిట్, హిట్ ఛాన్స్‌ని 95%కి తెచ్చే అక్యురసీ: బాణం మామూలు దెబ్బ 100 అనుకుని, నాలుగింటికీ వంద బాణాల మొత్తం దెబ్బ కట్టి, వరుసలో పెట్టండి. గురి తప్పిన బాణానికి సున్నా వేయడం మరవొద్దు. పాత్ ఆఫ్ బిల్డింగ్ (ఈ లెక్కలన్నీ కట్టిపెట్టే ప్రోగ్రామ్) తెరవకుండా కాగితం మీదే చేయండి, గంట పట్టినా సరే.